తేలిక లాప్‌టాప్, మోటు వేళ్ళు

జూన్ 30, సోమవారం

ఉద్యోగం దొరికింది. సగం దొరికింది అనాలి.

కాలేజీలో చెవులు వినపడని పిల్లలు ముగ్గురున్నారు. లెక్చరర్ చెప్పేదంతా నేను అప్పటికప్పుడు టైపు చేస్తే అది గోడ మీది స్క్రీన్‌లో పడుతుంది, వాళ్ళు చదువుకుంటారు. రెండు వారాలు ట్రయల్. నచ్చితే ఏడాదంతా నేనే. నచ్చకపోతే మనిషి అక్కర్లేకుండా మాటల్ని దానంతటదే రాసే సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటామని కోఆర్డినేటర్ మేడమ్ మొహం మీదే చెప్పింది. ఆ సాఫ్ట్‌వేర్‌ని చూపించింది కూడా. సగం మాటలు మింగేస్తోంది. ఆ మింగుడు యంత్రంతో నాకు పోటీ!

ఒకటే మెలిక. లాప్‌టాప్ నేనే తెచ్చుకోవాలి, వచ్చే సోమవారం కల్లా.

జులై 1, మంగళవారం

తమ్ముడికి చెప్పాను. వాడు ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాడు కాబట్టి ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ వాడివే. నా పాత గేమింగ్ లాప్‌టాప్ ఊరికే పడుంది కదక్కా, పట్టుకుపో అన్నాడు. ఎత్తి చూశాను. ఇటుకల సంచి నయం. ఆ కాలేజీలో క్లాసు క్లాసుకీ బిల్డింగ్ మారాలి, లిఫ్టు లేదు. నా ఎడమ భుజం పట్టేసి ఏడాదయింది, జడ వేసుకుందామన్నా చెయ్యి పైకి లేవదు.

సెకండ్ హ్యాండ్‌లో తేలికైనది ఒకటి కొనుక్కుని విండోస్ బదులు లినక్స్ వేసుకుంటానన్నాను. వాడు నవ్విన నవ్వు ఇక్కడ రాయడం నా వల్ల కాదు. ఎవరో వాడి పారేసింది, దాని మీద ఆ లినక్స్, క్లాసు మధ్యలో ఆగిపోతే అందరి ముందూ నీ పరువే పోతుంది, ఈ వయసులో నీకెందుకక్కా ఈ ప్రయోగాలు అన్నాడు.

ప్రయోగమట! ప్రెస్సు మూతపడే దాకా ఏళ్ళ తరబడి నేను లినక్స్ మీదే కంపోజింగ్ చేశాను. ఊరికే వస్తుందని మా ఓనరు పిసినారితనంతో మొదలుపెట్టించాడు, అది వేరే సంగతి. నా పొట్టి మాటలన్నీ అందులోనే ఉన్నాయి. రెండక్షరాలు కొడితే మాటంతా పడుతుంది, నాలుగు కొడితే వాక్యం. అవి లేకపోతే లెక్చరర్ నోటి వేగాన్ని ఎవరు అందుకుంటారు? తమ్ముడా?

జులై 3, గురువారం

పాత లాప్‌టాప్‌ల షాపులన్నీ ఒకే కాంప్లెక్స్‌లో ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లో లినక్స్ వేసుకుని వెళ్ళాను. అందులోంచే నడిపి చూస్తే చాలు, దేనికి ఒంట్లో బాగాలేదో బయటపడుతుంది.

మొదటి షాపువాడు పెన్‌డ్రైవ్ చూడగానే, అమ్మో వైరస్ ఎక్కుతుంది మేడమ్ అని చేతులు అడ్డం పెట్టాడు. రెండో షాపులో పళ్ళెం అంత పలచటిది చూపించారు. మనసు జారింది. చార్జర్ తీయండి అన్నాను. ఎందుకు మేడమ్, బ్యాటరీ బ్రహ్మాండం అన్నాడు. బ్రహ్మాండమైతే తీయడానికేం? తీశాడు. స్క్రీన్ చటుక్కున ఆరిపోయింది. ఆయన వైర్ లూజ్ అన్నాడు.

మూడోది చక్కగా నడిచింది గాని వైఫై అందుకోలేదు. అది మీ లినక్స్ తప్పు, నా మాల్ తప్పు కాదు అన్నాడు. నిజమే అయ్యుండొచ్చు. తప్పెవరిదైనా క్లాసులో నిలబడేది నేను. వద్దన్నాను.

జులై 4, శుక్రవారం

తమ్ముడు మాట్లాడటం మానేశాడు. చెప్పేదంతా మరదలి చేత చెప్పిస్తున్నాడు. ఆవిడ చెప్పేసి, వదినా మీరు మాత్రం తగ్గకండి అని తన మాట కూడా కలుపుతోంది.

జులై 5, శనివారం

కొన్నాను!

నల్లది. ఎవరో ఆఫీసువాళ్ళు ఒకేసారి వదిలించుకున్న లాట్‌లోది. మూత మీద స్టిక్కర్ పీకిన జిగురు ఇంకా ఉంది. ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంటుంది, తర్వాత పెంచుకోలేం, అందుకే తక్కువ ర్యామ్‌ది చూపిస్తే పక్కకి నెట్టి ఎక్కువున్నదే అడిగాను. పెన్‌డ్రైవ్ పెట్టాను. వైఫై వచ్చింది. మూత వేసి తీస్తే నిద్రలోంచి లేచింది. వాళ్ళ టీవీకి కలిపిస్తే బొమ్మ పడింది. చార్జర్ పీకేసి టీ తాగి వచ్చాను, ఇంకా నడుస్తోంది.

బరువు ఒకటే మిగిలింది. ఎడమ చంకలో పెట్టుకుని కాంప్లెక్స్ మెట్లెక్కాను. నేను దాంతో ఉడాయిస్తానేమోనని కళ్ళద్దాలు పెట్టుకున్న ఆ షాపాయన వెనకాలే ఎక్కాడు. పై అంతస్తు చేరేసరికి ఆయనకే ఆయాసం వచ్చి రెయిలింగ్ పట్టుకున్నాడు. ఇంకెవరూ ఇలా కొనలేదమ్మా అన్నాడు. భుజం నొప్పి పెట్టలేదు. అక్కడే బేరం ఆడేశాను, ఆయన దగ్గర ఊపిరి లేనప్పుడే.

ఇంటికొచ్చి లినక్స్ ఎక్కించాను. నా పొట్టి మాటలన్నీ సర్దుకున్నాయి. హాల్లో తమ్ముడు కూర్చునే కుర్చీ ఎదురుగా పెట్టాను, కావాలనే.

జులై 7, సోమవారం

సిగ్గేసింది. రాయకుండా ఉండలేను.

లాప్‌టాప్ ఆగలేదు. స్క్రీన్ బాగా పడింది. ముందు వరుసలో పొడుగు బల్ల, ఆ చివర ముగ్గురు పిల్లలు, ఈ చివర నేను. లెక్చరర్ సార్ మొదలుపెట్టిన రెండు నిమిషాలకే ఆపేసి, ఆ టకటక ఏంటి అని అడిగారు. క్లాసు గొల్లుమంది.

టకటక నాదే. నేను టైపు నేర్చుకుంది పాత టైప్‌రైటర్ మీద. గట్టిగా కొడితేగాని అక్షరం పడని రోజులు. ఆ మోటు వేళ్ళు ఇంకా పోలేదు. ప్రెస్సులో మెషీన్ల హోరు మధ్య ఎవరికీ వినపడలేదు. కాంప్లెక్స్ గోలలో నాకే వినపడలేదు. బ్యాటరీ చూశాను, వైఫై చూశాను, మెట్లు కూడా ఎక్కాను. చప్పుడు చూడాలని తట్టనే లేదు. తేలిక మెషీన్ కదా, కొట్టినప్పుడల్లా బల్ల మీద ఎగురుతోంది.

తమ్ముడికి ఎలాగో తెలిసింది. నా దాని కీస్ మెత్తగా ఉంటాయి అన్నాడు. ఇన్నాళ్ళకి మాట్లాడిన మాట అది.

జులై 8, మంగళవారం

లాప్‌టాప్ కింద తువ్వాలు మడిచి పెట్టాను. చప్పుడు బాగా తగ్గింది. సార్ పాఠం ఆపలేదు. కానీ పిల్లలు ఇవాళ సరిగ్గా రాసుకోలేదు. మాటిమాటికీ తలెత్తి దిక్కులు చూశారు. నా టైపింగ్‌లో తప్పేమీ లేదే.

జులై 9, బుధవారం

ముగ్గురిలో పొట్టి జుట్టు అమ్మాయి క్లాసు మొదలవకముందే వచ్చి, అడగకుండా నా తువ్వాలు లాగేసింది. చిర్రెత్తుకొచ్చింది. ఏంటిదని చేత్తో అడిగాను. నా లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని టైపు చేసింది. ఆంటీ, మేం తల దించుకుని నోట్స్ రాసుకుంటాం కదా, సోమవారం మీరు టైపు చేస్తుంటే బల్ల అదిరేది, అదిరితే కొత్త లైను వస్తోందని తలెత్తేవాళ్ళం, నిన్న గుడ్డ పెట్టారు, ఎప్పుడు చూడాలో తెలియలేదు, సగం పోయింది అని.

తర్వాత ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని బల్ల మీద బోర్లించి, అవతలి చివరికెళ్ళి కీబోర్డు కొట్టి చూపించింది. నిజమే. అరచేతిలో సన్నగా నడుస్తోంది.

తువ్వాలు సంచిలో కుక్కేశాను. పూర్తి బలంతో కొట్టాను. సార్ నా వైపు మూడుసార్లు చూశారు. చూడనీ.

జులై 10, గురువారం

కోఆర్డినేటర్ పిలిపించింది. సార్ ఫిర్యాదు చేశారట. గుడ్డ పెట్టండి, లేదా మెత్తటి మెషీన్ తెచ్చుకోండి, లేదంటే సోమవారం నుంచి సాఫ్ట్‌వేర్ అంది. సార్ కూడా అక్కడే కూర్చున్నారు.

గుడ్డా పెట్టను, మెషీనూ మార్చను అన్నాను. సార్, నా చప్పుడు వినపడే వాళ్ళకి మీ పాఠమూ వినపడుతుంది, నన్ను పెట్టుకుంది వాళ్ళ కోసం కాదు అన్నాను. బల్ల సంగతి మొత్తం చెప్పాను. నమ్మకపోతే చెవులు మూసుకుని ఒక గంట ఆ బల్ల దగ్గర కూర్చోండి అన్నాను. అది ఎక్కువైందేమో. ఆయన లేచి వెళ్ళిపోయారు.

కోఆర్డినేటర్ ఏమీ తేల్చలేదు. ఉద్యోగం పోయిందనే అనుకుంటున్నాను. ఏడుపొచ్చింది. పశ్చాత్తాపం మాత్రం రాలేదు.

జులై 11, శుక్రవారం

మధ్యాహ్నం ఖాళీ క్లాసులో సార్ మా బల్ల మీద అరచెయ్యి బోర్లించి కూర్చుని ఉన్నారు. పొట్టి జుట్టు అమ్మాయి అవతలి చివర పిడికిలితో బల్లని మెల్లగా కొడుతోంది. వాళ్ళు నన్ను చూడలేదు. నేను లోపలికి వెళ్ళలేదు.

జులై 14, సోమవారం

సాఫ్ట్‌వేర్ రాలేదు. సార్ వచ్చారు. పాఠం మొదలుపెట్టే ముందు మా బల్ల మీద వేలి కణుపులతో రెండుసార్లు కొట్టారు. ముగ్గురూ తలెత్తారు.

ఆ పిల్లలకి బల్లే తలుపు, అందుకే స్క్రీన్ మీద ఇవాళ్టి మొదటి లైను అలాగే వేశాను: సార్ తలుపు తట్టారు.