ఖాళీ చేతులతోనే దిగిరా

తమ్ముడు ఫల్గుణకు,

నువ్వు క్షేమంగా ఉండాలని ప్రార్థిస్తూ రాస్తున్నాను. నీతో పండగ వేటకు వచ్చినవాళ్లంతా ఉదయమే ఊరికి దిగారు. నువ్వొక్కడివే కొండ మీద ఉండిపోయావు. నిన్న వాన లేకుండా పిడుగు పడి పడమటి కొండ అంటుకుంది. కింద శృంగవరపుకోటలో కుండపోతట. ఇక్కడ చుక్క లేదు. గాలి నీ వైపే తిరిగింది. నీ ఫోను కలవడం లేదు.

ఎందుకు దిగవో నాకు తెలుసు. పోయిన ఏడాది ఇటుకల పండగ వేటలో నువ్వు ఏమీ కొట్టకుండా వస్తే, ఆడవాళ్లు ఆనవాయితీగా పేడనీళ్లు చల్లారు. నీ భార్య చిట్టి అంతటితో ఊరుకోలేదు. "కుందేలు గూడా నిన్ను సూసి నవ్వీసిందేటి?" అంది. ఆ మాట నీలో ఇంకా మానలేదు.

ఈసారి పేడనీళ్లు కలిపినవాళ్లే లేరు. ఆడవాళ్లమంతా కాఫీతోట అంచున పచ్చికొమ్మలతో మంటను కొడుతున్నాం. చిట్టి అరచేతులు బొబ్బలెక్కాయి. "వదినా, ఒట్టి సేతుల్తోనే రమ్మను, బేగి రమ్మను" అని ఏడుస్తోంది.

ప్రభువును అడుగుతూనే ఉన్నాను. నీ కొండదేవతకూ మొక్కాను. పాస్టరుగారికి చెప్పకు.

వాగు దారంతా పొగ. రైలుకట్ట వైపు దిగు.

ఈ ఉత్తరం చిట్టి నాన్న, మీ మామ సోంబరు తెస్తున్నాడు. ఆయన నోటితో చెబితే వెక్కిరింపు అనుకుంటావని రాసిచ్చాను. వద్దన్నా వినలేదు, "అల్లుడు నేకుండా నాను దిగను" అన్నాడు. పొగలో ఆయనకు చూపు ఆనదు. నీ కోసం కాకపోతే, ఆయన చెయ్యి పట్టుకుని దింపడానికైనా రా.

నీ పెద్దక్క