వాల్తేరు శిబిరం సంగతి

లూర్దూ,

పేపరు పని మీద చల్లపల్లి వెళ్తున్నాను. కాలవ నీళ్ల కోసం రైతులు మీటింగు పెట్టారు, రాత్రికి గాని రాను. అన్నం, పప్పు మూతేసి ఉంచాను. పెరుగు తెరేసమ్మ అత్తయ్య ఇస్తుంది.

వాల్తేరు సైన్సు శిబిరానికి సెలక్టయినా, రేపు మెడిసిన్ సీటుకి పనికి రాకపోతే వెళ్లనన్నావు. "నీకు వండి పెట్టేదెవరు నాన్నా" అన్నావు. నిన్న మెడికల్ కాలేజీలో అడ్మిషన్లు చూసే ఆయన్ని అడిగాను. "మార్కులు చూస్తామండీ, వేసవి సెలవుల్లో ఎక్కడికెళ్లారో మాకెందుకు?" అన్నారు. నిరుడు ఆ శిబిరానికి వెళ్లొచ్చిన మైలవరం అమ్మాయినీ అడిగాను. సీటుకి పనికి రాలేదంది. కప్పని కోసి, కొట్టుకుంటున్న గుండెను అక్కడే మొదటిసారి చూసిందట. ఆ సంగతి చెప్పడం మొదలుపెట్టి, నేను లేచేదాకా ఆపలేదు.

సీటుకి పనికి రాదని మాత్రం చెప్పి ఊరుకుంటే నువ్వు ఆగిపోతావు. అది సగం వార్త. నువ్వు వెళ్లు. మా అమ్మాయి వస్తుందని మీ హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌గారికి చెప్పేశాను. వంట నాకు వచ్చు, నువ్వు ఉప్పుకి వంక పెట్టినా సరే. రాత్రి ఇంటికొచ్చాక మీటింగులో ఎవరేమన్నారో చెప్పడానికే ఎవరూ ఉండరు.

నాన్న

మర్చిపోయాను. వార్తల కవరు బస్సు కండక్టరుతో పంపితే ఎప్పుడూ నువ్వే బస్టాండులో తీసుకుని ఆఫీసుకి చేరుస్తావు. ఇవాళ వెళ్లకు. ఆఫీసు ప్యూన్ శౌరయ్యని వెళ్లమన్నాను. కవరు మీద నీ పేరు కాకుండా ఇంకొకరి పేరు రాయడం ఇవాళే మొదలుపెడుతున్నాను.