నీలం దీపం పక్క మొక్క

ఏమండీ,

మీకు నమస్కారాలు. దేవుడి దయవల్ల ఇంట్లో అందరం బాగున్నాం. లారీ మీద తిరిగే మీరు కూడా వేళకింత తిని పడుకుంటున్నారనే నమ్ముతున్నాను. చేను మాత్రం బాగాలేదు. ఆ మాట రాయడానికి కూర్చుని, ఊరికే లేచి పొయ్యి తుడిచి వచ్చాను.

నా మోకాలి నొప్పి గురించి అడిగారు, తగ్గింది. దూడ మేత మేస్తోంది. టమాటా ఎలా ఉందని అడిగారు. గట్టు వైపు వరుసలన్నీ ఆకు ముడిచాయి, పూత రాలింది. మెకానిక్ అమ్మాయి తక్కువ ఖర్చులో చేసి పాతిన, మట్టిలో తడి చూసి చెప్పే గొట్టం మీద మాత్రం రోజూ నీలం దీపమే. ఎర్రదీపం వెలిగితేనే నీళ్లు పెట్టాలన్నారు కదా, మరిది మీ మాట జవదాటలేదు. "నీలం ఉండగా మోటారు వేస్తే అన్నయ్య నా చెవి మెలేస్తాడు వదినా" అంటాడు.

ఆకు వాడుతోందని పోయినసారి నేను రాస్తే, ఆ గొట్టం పీకి ఆ పిల్ల మొహాన కొట్టమని, అది పనికిరాదని ఊరందరికీ చెప్పమని రాశారు. నిన్న తనే వచ్చింది. గొట్టం తీసి మట్టి తడిమి చూసి, "ఇది అబద్ధం చెప్పట్లేదు పిన్నీ. ఇక్కడ తడి ఉంది, అక్కడ లేదు. ఎందుకో అర్థం కావట్లేదు. ఇక నా దగ్గర ఎవరు కొంటారు?" అని గట్టు మీద కూలబడింది. మంచినీళ్లిచ్చి, నిజం దాచి పంపేశాను.

తప్పు నాదండీ. మీరు వెళ్లినప్పటి నుంచి, పొద్దున ప్రార్థన అయ్యాక చెంబులో నీళ్లు ఆ గొట్టం పక్క మొక్కకే పోస్తున్నాను. చేను మంచిచెడ్డలు చెప్పేది అదే కదా, దాని దగ్గర పోస్తే చేనంతా చల్లగా ఉంటుందనుకున్నాను. చేను దాహంతో మాడుతుంటే, గొట్టం నా చెంబు నీళ్లు చూసి చాలు చాలంది.

ఈ పొద్దున చెంబుతో వెళ్తే కాళ్లు అలవాటుగా ఆ మొక్క దగ్గరే ఆగాయి. పోయకుండానే తిరిగొచ్చాను. మరిదిని పిలిచి చెప్పాను. "అయితే దేవుడు కూడా నీలం దీపం చూసే వాన ఆపేశాడేమో వదినా!" అని మోటారు దగ్గరికి పరిగెత్తాడు.

ఈ ఉత్తరం డబ్బాలో వేసి, అటునుంచి అటే ఆ పిల్ల షెడ్డుకు వెళ్తాను. అక్కడ ఎంతమంది ఉన్నా అందరి ముందే చెప్తాను. కోపమొస్తే నన్ను తిట్టండి, తనను ఒక్క మాట అనకండి. గట్టు వైపు వరుసలు బతుకుతాయో లేదో తెలియదు. మోటారు చప్పుడు కాస్త తగ్గితే చాలు, లేచి గుమ్మంలోకి వెళ్లి చూస్తున్నాను.

చెంబు ఇంకా నిండుగా గుమ్మంలోనే ఉంది. ఆ నీళ్లు ఎక్కడ పోయాలో మీరే చెప్పండి.

ఇట్లు,
మీ ఇల్లాలు