దేవుడి గూట్లో మెట్టెలు

బావా,

అన్నం, పప్పు పొయ్యి మీదే ఉన్నాయి. మబ్బేస్తే కల్లంలో మిరపకాయల మీద పట్టా కప్పు.

నేను ఉషక్కని తోడు తీసుకుని నరసరావుపేట ఆసుపత్రికి పోతున్నా. తీసేసిన గడ్డ మళ్లీ లేచిందేమోనని మూత్రం సంచిలో కెమెరా పెట్టి చూసేది ఇవాళే. కావాలనే నీకు చెప్పలేదు. పోయినసారి నా కేకలు విని నువ్వు లేచి టీకొట్టుకి పోయావు. నేను బయటికొచ్చేసరికి బెంచీ మీద నువ్వు లేవు. ఆ నొప్పి రెండు రోజుల్లో తగ్గింది కానీ ఇది తగ్గలేదు.

ఈసారి చీలమండ దగ్గర బిళ్లలు అతికించి నరానికి సన్నగా కరెంటు పెడతారంట. నొప్పి అంతగా తెలియదంట. కాళ్లకి వెండి ఉండగూడదని నర్సమ్మ చెప్పింది. సబ్బు రాసి మెట్టెలు తీశా. నువ్వుండగా వాటిని తీయాల్సి వచ్చిందని చానా ఏడుపొచ్చింది. దేవుడి గూట్లో పెట్టా, చూసి కంగారుపడొద్దు.

హైమ

సాయంత్రం బస్సుకి వస్తా. పెళ్లిలో వంగినట్టే వంగి, నువ్వే తొడుగు. డాక్టరు ఏమన్నాడో తొడిగినాకే అడుగు.