పన్నెండు స్క్రీన్ల మీద గులాబీ గీత

మంగళవారం, మొయినాబాద్

స్క్రీన్ మీద గీత వచ్చిందని వెళ్తే, "కింద పడేసి ఉంటారు" అంటూ ల్యాప్‌టాప్ కంపెనీ సర్వీస్ సెంటర్ మేనేజర్ ఒక్కొక్కరినే తిప్పి పంపేవాడు. అబద్ధాలకోరు! ఈరోజు అదే మోడల్ కొన్న పన్నెండు మందిని పోగుచేసి, ల్యాప్‌టాప్‌లన్నీ అతని ముందు వరుసగా ఆన్ చేయించాను. అన్ని స్క్రీన్ల మీదా ఒకేచోట గులాబీ గీత.

"అందరం ఒక్క తీరుగనే పడేసినమా సార్?" అన్నాను.

స్క్రీన్లు ఉచితంగా మారుస్తానన్నాడు, యాదమ్మక్కది తప్ప. వారంటీ సీలు తెగిందట. నిజమే, బాగుచేద్దామని నా రిపేరు షాపులో విప్పింది నేనే. ఆమె జిరాక్స్ సెంటర్ దానిమీదే నడుస్తుంది.

"అక్కది తీస్కోకుంటే మాయి గూడ ఇయ్యం," అంటూ చేవెళ్ల నర్సింలన్న నేలమీద కూర్చున్నాడు. అందరూ కూర్చున్నారు. సాయంత్రానికి పన్నెండు రసీదులూ చేతికొచ్చాయి.

ఆటో దిగుతూ అక్క, "మల్ల ఖరాబైతే నీకే ఇస్త తమ్మీ" అంది. రిపేరు పని ఎవరి దగ్గరా నేర్చుకోని నాకు ఇంతకన్నా పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది? విప్పే ముందు మాత్రం ఇకనుంచి వారంటీ ఉందేమో చూసుకోవాలి.