హోటల్లో అమ్మమ్మ పాట

హోనలూలూ, మార్చి 4, 1974

మళ్ళీ నవ్వారు.

మొలొకాయి దీవిలోని తన లోయ మీద అమ్మమ్మ కట్టిన పాట అది. నిండు గొంతు నుంచి సన్న గొంతుకు ఎగిరేచోట ఒక విరుపు ఉంటుంది. మావాళ్ళు ఆ విరుపు కోసమే చెవులు రిక్కించి కూర్చుంటారు. హోటల్ గెస్టులు సరిగ్గా అక్కడే పకపకా నవ్వుతారు, మగాడు ఆడగొంతు పెట్టాడని. షో మేనేజర్ డెన్‌హమ్‌కు ఆ నవ్వు తెగ నచ్చింది. రేపటి నుంచి అక్కడ ఆడవాళ్ళ విగ్గు తగిలించుకుని కన్ను కొట్టమన్నాడు. కుదరదన్నాను.

మార్చి 5

గిటార్ వాయించే రపోజో పట్టుకున్నాడు. "ఒరే పిలిపో, విగ్గేగా! నీ గొంతేమైనా అరిగిపోతుందా? నువ్వు పంతానికి పోతే బ్యాండంతా అనాస ఫ్యాక్టరీలో తొక్కలు తీసుకోవాలి" అన్నాడు. వాడికి చంటిపిల్లలు.

పెట్టుకున్నాను. కన్నూ కొట్టాను. థూ.

మార్చి 9

ఎలామా మామ మొలొకాయి నుంచి చెప్పాపెట్టకుండా దిగాడు. అమ్మమ్మ పెద్దకొడుకు, నాకు పాట నేర్పినవాడు. వెనకెక్కడో కూర్చుని అంతా చూశాడట. షో అయ్యాక పార్కింగ్ లాట్‌లో నిలబెట్టి, మా అమ్మ నీకు జోకులా కనిపించిందట్రా అని అడిగాడు. హోటల్‌వాళ్ళు చెయ్యమన్నారన్నాను. వాళ్ళు చెప్తే ప్యాంటు కూడా విప్పుతావా అన్నాడు.

డెన్‌హమ్ మీద కోపం. రపోజో మీద కోపం. చెప్పకుండా వచ్చినందుకు మామ మీద కూడా. నా మీద అందరికంటే ఎక్కువ.

మార్చి 10

విగ్గు చెత్తడబ్బాలో పడేశాను.

మార్చి 11

ఉత్త తలతోనే పాడాను. విరుపు దగ్గర నవ్వారు. ఆపేశాను. మొదటి నుంచి ఎత్తుకున్నాను. నవ్వారు. మళ్ళీ ఆపాను. కర్టెన్ పక్క నుంచి డెన్‌హమ్ చేతులూపుతున్నాడు. కానిచ్చెయ్యరా బాబూ అని రపోజో గొణిగి, గిటార్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తోడు లేకుండానే అందుకున్నాను. ఈసారి ఫోర్కుల చప్పుడు కూడా లేదు. నా మొహం చూసి భయపడ్డారనుకుంటా. భయంతో విన్నా విన్నట్టేనా? ఏమో. ఆ విరుపు మాత్రం ఇంత శుభ్రంగా ఎప్పుడూ పడలేదు.

స్టేజి దిగేసరికి ఉద్యోగం లేదు.

మామకు ఫోన్ చేశాను. అంతా విని, కోపంలో చివరి చరణం పరిగెత్తించి ఉంటావే అన్నాడు. పరిగెత్తించాను. ఫోన్ పెట్టేశాను.

మార్చి 27

రపోజోను నా చోట నిలబెట్టారట. పాడేది అమ్మమ్మ పాటే. పాత డ్రమ్మర్ చెప్పాడు. మాటలన్నీ తప్పులేనట, మా దగ్గర ఒక్కో లోయలో వీచే గాలికి ఒక్కో పేరు, మా లోయ గాలి పేరును ఏదో చేప పేరు చేశాడట. మామకు చెప్తే ఫోన్‌లోనే అరిచాడు, వెళ్ళి వాడి నోరు మూయించి రమ్మని.

మార్చి 28

రపోజో ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి, నన్ను చూసి వెనక్కి తగ్గాడు. కూర్చోమన్నాను. పాటలోని మాట మాటా పలికించాను. చివరికి గాలి పేరు సరిగ్గా అన్నాడు, అచ్చం నాలాగే.

అప్పుడు వాడి చెంప పగలగొట్టాలనిపించింది. ఇంకోసారి అనమన్నాను.