టిల్లర్ కింద పాలపొడి డబ్బా

అన్నయ్యా,

సోమవారం ఉదయం తొమ్మిదింటికి నీ పవర్ టిల్లర్‌ను మడి మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. ఇంజనాయిలు కారిపోయి బురదనీళ్ల మీద తేలింది. నువ్వు పోయాక ఇది మొదటి వానాకాలం. నారు ముదిరిపోతోంది. ఈ వారం నాటకపోతే వదినకు ఈ ఏడు పంట లేనట్టే.

ముందురోజు బావ విశాఖపట్నం నుంచి సింథటిక్ ఆయిలు తెచ్చాడు. "మా ఓడలో ఇదే పోస్తన్నాం. పాత ఇంజనైతే ఏటి, కుర్రదైపోద్ది!" అన్నాడు. నీ నల్లటి ఆయిలు తీసేసి అది పోశాం. ఏళ్లుగా లోపల పేరుకున్న మడ్డిని అది కడిగేసింది. అరిగిపోయిన రబ్బరు సీలు దగ్గర ఇన్నాళ్లూ ఆయిలును చాలావరకు ఆ మడ్డే ఆపింది.

వదిన ఊరుకోలేదు. "మీ అన్నున్నన్నాళ్లూ సుక్క కారనేదు. సదువుకున్నోళ్లిద్దరూ సేరి ఇంజన్ని సంపేసేరు."

కొద్దికొద్దిగా కారేది. ఇంజను కింద నువ్వు తీగతో కట్టిన పాలపొడి డబ్బా బోల్టుల కోసమనుకున్నాం. వదిన దాన్ని ఊడదీసి గిన్నెలు తోమే బూడిదకు పెట్టుకుంది. నిన్న చూస్తే బూడిద కింద అడుగున ఆయిలు అట్టకట్టి ఉంది. పడిందంతా మళ్లీ ఇంజన్లోనే పోసేవాడివన్నమాట. ఊళ్లో కబుర్లన్నీ నాకు చెప్పేవాడివి, సీలు పోయిందని ఒక్క మాట చెప్పడానికేమయింది?

డబ్బా చూపిస్తే వదిన తీసుకుంది. బూడిద ఒంపేసి నా చేతికిచ్చింది.

"మళ్లీ కట్టీ, బాబూ."

కట్టాను. పాత రకం ఆయిలే పోశాం. గుణుపురంలో సీలు దొరకలేదు. శనివారం బస్సులో రాయగడ నుంచి వస్తుంది. రేపు పొద్దున్న డబ్బాతోనే మడికి దమ్ము, ఎల్లుండి నాట్లు.